ఇల్లలకగానే పండుగ కాదు

కిందటి సంచికలో షుగరు వ్యాధి గురించి రాస్తూ బరువు తగ్గించే ఆపరేషన్ ప్రస్తావనను రెండు వాక్యాల్లో ముగించాను. ఆ రెండు వాక్యాలకే చాలా ఉత్తరాలు వచ్చాయి. "చేయించుకోవచ్చా, వద్దా" అని అడిగినవారే ఎక్కువ. "చేయించుకున్న తరువాత ఏమిటి" అని అడిగినవారు ఒక్కరే. సోలాపూరు నుంచి ఒక సోదరి రాసిన ఆ ఉత్తరమే ఈసారి మన శీర్షికకు ఆధారం.

"డాక్టరుగారికి నమస్కారం. మా తమ్ముడికి 35 ఏళ్లు. 128 కిలోలు ఉండేవాడు. ఏడాదిన్నర క్రితం ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు 86 కిలోలకు దిగాడు. షుగరు మాత్రలు కూడా ఆపేశారు. చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. కాని మనిషి మునుపటి మనిషి కాడు. నలుగురిలోకి రాడు. మా మేనమామ కూతురి పెళ్లికి కూడా రానన్నాడు. రాత్రుళ్లు నిద్రపోడు. మరదలు ఏమైనా అడిగితే విసుక్కుంటాడు. బరువు తగ్గింది కదా, ఇంక దిగులు దేనికండీ?"

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మన పెద్దలు ఒక్క సామెతలో చెప్పి ఉంచారు. ఇల్లలకగానే పండుగ కాదు. ఆపరేషన్ అంటే ఇల్లు అలకడం మాత్రమే. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. ఆ పని రోగి ఒక్కడిదే కాదు, ఇంటిల్లిపాదిదీను.

ముందు ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలుసుకుందాం. ఇది నిన్న మొన్న వచ్చినది కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అనే సర్జన్లు 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్‌కు శ్రీకారం చుట్టారు. ఇప్పుడు చేసే బైపాస్‌లో కడుపు పైభాగాన రెండు పెద్ద చెంచాల నీళ్లు పట్టేంత సంచిని మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మిగతా కడుపూ, చిన్నపేగు మొదటి భాగమూ తిన్న అన్నానికి తగలవు. ఇక స్లీవ్ అనే పద్ధతి ఉంది. అందులో కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరే భాగం కూడా దాంతోపాటే పోతుంది కనుక ఆకలి మందగిస్తుంది.

ఈ ఆపరేషన్ వల్ల మేలు లేదని నేను అనను. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బైపాస్ చేయించుకున్న 7,925 మందిని, అంతే లావున్నా చేయించుకోని మరో 7,925 మందిని సగటున ఏడేళ్లపాటు పోల్చి చూశారు. ఆ వివరాలు 2007లో వెలువడ్డాయి. చేయించుకున్నవారిలో మొత్తం మరణాలు 40 శాతం తక్కువ. షుగరు వ్యాధి వల్ల వచ్చిన మరణాలైతే 92 శాతం తక్కువ. ఇంత మేలు చేసే చికిత్సలు వైద్యంలో తరచు కనబడవు. అయితే అదే అధ్యయనంలో ఇంకో అంకె కూడా ఉంది. ప్రమాదాలు, ఆత్మహత్యలు వంటి, జబ్బుతో సంబంధం లేని మరణాలు చేయించుకున్నవారిలో 58 శాతం ఎక్కువగా ఉన్నాయి. మొదటి అంకెను అందరూ చెబుతారు. రెండో అంకె గురించి ఇంట్లో మాట్లాడుకోవాలనే ఈ వ్యాసం.

ముందు శరీరం సంగతి చెబుతాను. నేను చూసిన ఒక కుటుంబం కథ వినండి.

హోసూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు. ఆమె బడిలో టీచరు, 41 ఏళ్లు. స్లీవ్ ఆపరేషన్ చక్కగా జరిగింది. రెండు నెలల్లోనే 18 కిలోలు తగ్గింది. అప్పుడే ఆడపడుచు ఇంట గృహప్రవేశం వచ్చింది. పంక్తిలో కూర్చుంటే పెద్దవాళ్లు ఊరుకుంటారా? "ఒక్క ఒబ్బట్టు తింటే ఏమవుతుందమ్మా, నెయ్యి వేసుకో" అని కొసరి కొసరి వడ్డించారు. కాదనలేక తినేసింది. ఇంటికి వచ్చేలోపే వాంతి. ఆ రోజు నుంచి ఏది తిన్నా వాంతి అవుతుందేమోనన్న భయం పట్టుకుంది. భయంతో గబగబా రెండు ముద్దలు మింగడం, అవి కాస్తా బయటకు రావడం. విటమిన్ మాత్రలు వికారం తెప్పిస్తున్నాయని అవీ మానేసింది. ఇలా అయిదు వారాలు గడిచాయి.

ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఒకసారి అత్తగారి చెవిన పడింది. "ఇన్ని లక్షలు పోసి చేయించుకున్నావు, ఇప్పుడు ఇదేం గోలమ్మా?" అన్నారావిడ. చెడ్డ మనిషి కాదు, ఆస్పత్రిలో రాత్రుళ్లు పక్కన కూర్చున్నది ఆవిడే. కాని ఆ ఒక్క మాటతో కోడలు నోరు మూసుకుంది. వీధిలో వాళ్లేమో "ఎంత సన్నబడ్డావు, ఎంత బాగున్నావు" అంటున్నారు. ఇంతమంది మెచ్చుకుంటూంటే నాకు బాగాలేదని ఎలా చెప్పుకోవడం?

ఆరో వారానికి పాదాలు మంటలెత్తి మొద్దుబారాయి. మెట్లు దిగుతూ రెండుసార్లు పడింది. ఒక వస్తువు రెండుగా కనబడసాగింది. పదేళ్లుగా పిలుస్తున్న పిల్లల పేర్లు హాజరు పుస్తకం చూసి కూడా తడబడింది. నీరసమే అనుకుని ఊళ్లో రెండు రోజులు గ్లూకోజు ఎక్కించారు. తగ్గలేదు సరికదా, ఇంకా మగతగా అయింది. అప్పుడు బెంగుళూరు తీసుకొచ్చారు.

ఆమెకు వచ్చినది బి1 విటమిన్ లోపం. దీన్నే థయమిన్ అంటాం. మన ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తినకపోయినా, తిన్నది వాంతి అయిపోయినా ఆ నిల్వ ఖాళీ అవుతుంది. అప్పుడు మెదడు, నరాలు దెబ్బతింటాయి. గ్లూకోజును ఒళ్లు వాడుకోవడానికి బి1 కావాలి. కాబట్టి బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుంది. ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి, ఆ తరువాతే గ్లూకోజు. ఆమెకు అలా ఇచ్చాక రెండు రోజుల్లో చూపు సర్దుకుంది. నడక సర్దుకోవడానికి ఏడు నెలలు పట్టింది. ఎడమ పాదంలో మొద్దు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొదటి వారంలోనే ఒక్క మాట చెప్పి ఉంటే, కొన్ని రూపాయల మందుతో పోయేదానికి ఆమె అంత మూల్యం చెల్లించింది.

ఇందులో తప్పు ఎవరిదని నేను అడగను. ఆప్యాయత వడ్డించింది, మొహమాటం తినిపించింది, సిగ్గు దాచిపెట్టింది. మూడూ మన ఇళ్లలో ఉండేవే.

బి1 తొందరగా దెబ్బతీసేది. నిదానంగా దెబ్బతీసేవి మరికొన్ని ఉన్నాయి. బి12 ఒంటికి పట్టాలంటే కడుపులో ఊరే ఒక పదార్థం కావాలి, అది తగ్గిపోతుంది. శాకాహారుల ఇళ్లలో బి12 ముందునుంచే తక్కువ. ఇనుము, కాల్షియం ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. బైపాస్‌లో అన్నం ఆ దారిన పోదు. అందుకే రక్తహీనత, కొన్నేళ్లకు ఎముకలు బోలుగా అవడం. కనుక విటమిన్, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఒక కోర్సు వాడి మానేసేవి కావు. జీవితాంతం వాడవలసినవి. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. లేకపోతే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. చెన్నై, బెంగుళూరు వాసులు మరొకటి గుర్తుంచుకోవాలి. ఫిల్టర్ కాఫీతో ఇనుము మాత్ర వేసుకుంటే చాలావరకు వృథా.

మొదటి ఏడాది సుమారు ఒకటి, మూడు, ఆరు, పన్నెండో నెలల్లో, ఆ తరువాత ఏటా ఒకసారి డాక్టరుకు కనబడి రక్తపరీక్షలు చేయించుకోవాలి. "బాగానే ఉన్నాను కదా" అని రెండో ఏడు నుంచి మానేసేవారే ఎక్కువ. విటమిన్ లోపాలు ముదిరేది సరిగ్గా ఆ తరువాతే. షుగరు, బీపీ మందుల మోతాదు ఆపరేషన్ అయిన రోజుల్లోనే మారవలసి రావచ్చు. పాత మోతాదులో ఇన్సులిన్ వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మనసుకు సంబంధించిన మందులు ముందునుంచి వాడుతున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని మందులు ఒంటికి తక్కువగా పడతాయి, లిథియం వంటివి రక్తంలో ఎక్కువైపోయే ప్రమాదం ఉంది. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు బైపాస్ అయినవారికి పుండ్లు తెప్పిస్తాయి. సిగరెట్టు కూడా అంతే. ఇక పెళ్లయిన ఆడపిల్లలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా పని చేయకపోవచ్చు, కనుక వేరే పద్ధతి గురించి డాక్టరును అడగాలి.

తిండి సంగతి ప్రాంతాన్ని బట్టి చెప్పాలి. కర్ణాటక వైపు రాగి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. ఈ ఆపరేషన్ తరువాత అలా మింగితే అది అడ్డం పడుతుంది. రాగిని పల్చటి అంబలిగా తాగడం మంచిది. సోలాపూరు వైపు కరకరలాడే ఎండు జొన్నరొట్టె మొదటి నెలల్లో వద్దు. బరంపురం వైపు పఖాళ, అంటే మన చద్దన్నం, చలవే కాని అందులో మాంసకృత్తులు తక్కువ. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు కావాలి. గుడ్డు, చేప, పెరుగు, పనీరు, పెసరకట్టు వంటివి ముందు తిని, చోటు మిగిలితేనే అన్నం. అన్నం తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగి తాగాలి. తీపి ఎక్కువ తింటే కొందరికి, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. కొందరికి ఒకటి రెండు గంటల తరువాత షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మూడో నెల నుంచి జుట్టు రాలడం సహజం. తిండి, మాత్రలు సరిగా ఉంటే మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మనసు సంగతికి, అంటే మన సోదరి తమ్ముడి దగ్గరకు వద్దాం.

ఆకలికి తినడం వేరు, దిగులుకు తినడం వేరు. చాలామందికి చిన్నప్పటి నుంచి తిండే నేస్తం. కోపం వచ్చినా, ఒంటరిగా అనిపించినా, ఆఫీసులో మాట పడినా, ఇంటికి వచ్చి ఏదో ఒకటి తింటే మనసు తేలికపడేది. ఆపరేషన్ ఆ నేస్తాన్ని ఒక్క రోజులో తీసుకుపోయింది. దిగులు మాత్రం ఎక్కడికీ పోలేదు. దానికి ఇప్పుడు ఆసరా లేదు. కొందరు ఆ ఆసరాను మద్యంలో వెతుక్కుంటారు. బైపాస్ తరువాత మద్యం చాలా త్వరగా, చాలా ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. అమెరికాలో సుమారు 2,000 మందిని పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మద్యం వ్యసనం మొదటి ఏడాదిలో పెరగలేదు, రెండో ఏడాదిలో పెరిగింది. ఇంట్లోవాళ్లు ఇక భయం లేదనుకునే సమయం అదే.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 8,815 మందిని ఆపరేషన్‌కు ముందు మూడేళ్లు, తరువాత మూడేళ్లు గమనించి 2016లో ప్రకటించారు. తమకు తాము హాని చేసుకుని ఆస్పత్రికి రావడం ఆపరేషన్ తరువాత సుమారు 50 శాతం పెరిగింది. ఎక్కువ భాగం రెండు, మూడు సంవత్సరాలలోనే. అయితే అలా వచ్చినవారు మొత్తం 111 మంది. అంటే నూటికి ఒకరిద్దరు. మిగతావారికి అలాంటిదేమీ జరగలేదు. కాబట్టి హడలిపోనక్కరలేదు. కాని ఆ ఒకరిద్దరు మన ఇంట్లో ఉంటే మనకు తెలియాలి కదా.

ఇంకొక కారణం శరీరమే. ఒళ్లు తగ్గినా చర్మం వేలాడుతుంది. చొక్కా వేసుకున్నప్పుడు లోకం మెచ్చుకుంటుంది, చొక్కా విప్పి అద్దం ముందు నిలబడితే తనకు తనే నచ్చడు. ఇది మగవాళ్లు ఎవరికీ చెప్పుకోరు. భార్యాభర్తల మధ్య కూడా తూకం మారుతుంది. స్వీడన్‌లో చేసి 2018లో ప్రకటించిన పరిశీలనలో, ఆపరేషన్ తరువాత పెళ్లికానివారు కొత్తగా జత కట్టడం పెరిగింది, అదే సమయంలో పెళ్లయినవారు విడిపోవడమూ పెరిగింది. ఒకరి శరీరం మారితే ఇంట్లో అందరి స్థానాలూ కొంచెం కదులుతాయి. రెండో ఏడాది దాటాక కొందరికి నాలుగైదు కిలోలు తిరిగి పెరుగుతాయి. అది సాధారణమే. కాని రోగి దాన్ని తన ఓటమిగా తీసుకుంటాడు. "మళ్లీ మొదలైందా?" అని ఎవరైనా అంటే ఇక చెప్పనే అక్కరలేదు.

అమ్మా, మీ తమ్ముడు పెళ్లికి రాననడం పొగరు కాదని నా అనుమానం. పెళ్లిలో నలుగురూ తన విస్తరి వంకే చూస్తారు. తింటే ఒక మాట, తినకపోతే ఒక మాట. నిద్ర లేకపోవడం, విసుగు, నలుగురికీ దూరంగా ఉండడం రెండు వారాలకు మించి ఉంటే దాన్ని డిప్రెషన్ అని అనుమానించవలసిందే. అది మందుకూ మాటకూ లొంగే జబ్బు. ముందు రక్తపరీక్షలు చేయించండి. బి12, ఇనుము తగ్గినా మనిషి ఇలాగే అవుతాడు. ఆ వెంటనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఆపరేషన్ చేసిన సర్జనుకూ ఈ సంగతి చెప్పండి, అది ఆయన వినవలసిన మాటే. ఇవాళ సాయంత్రమే తమ్ముడి పక్కన కూర్చుని, "బతకడం వృథా అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందువల్ల బరువు దిగుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మనలాంటి వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆఫీసులో మరాఠీ, బజారులో కన్నడం లేక తమిళం, ఆస్పత్రిలో ఇంగ్లీషు. పని జరిగిపోతుంది. కాని "లోపల ఏదో వెలితిగా ఉంది డాక్టర్" అని పరాయి భాషలో చెప్పడం కష్టం. దిగులు తల్లిభాషలోనే బయటకు వస్తుంది. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఇందుకు అక్కరకొస్తుంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగును ఎంచుకుని మాట్లాడవచ్చు. మన బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆ సేవకు ప్రధాన కేంద్రం.

ఇక ఇంట్లోవారికి నా విన్నపాలు. కత్తిరించి వంటింటి గోడకు అంటించుకున్నా సంతోషమే.

1. కొసరి వడ్డించకండి. వద్దన్నవాడిని రెండోసారి అడగకండి. ఆప్యాయత చూపించడానికి పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి.

2. సన్నబడ్డారని పదే పదే పొగడకండి. "ఎలా ఉన్నావు?" అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి.

3. ఖర్చు మాట ఎత్తకండి. ఆ మాట పడ్డవారు తమ బాధను దాచుకుంటారు.

4. రెండు రోజులకు మించి వాంతులు, తూలుడు, చూపు రెండుగా కనబడడం, విడవని కడుపునొప్పి, గుండెదడ, నల్లటి విరేచనాలు, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకండి. ఏ ఆస్పత్రికి వెళ్లినా బరువు తగ్గే ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పి, బి1 గురించి అడగండి.

5. పరీక్షల తేదీలు ఇంటి క్యాలెండరులో రాసుకోండి. రోగి మరిచిపోయినా ఇల్లు మరిచిపోకూడదు.

హోసూరు టీచరమ్మ మళ్లీ బడికి వెళుతున్నారు. కిందటి ఉగాదికి పరీక్షలకని వచ్చినప్పుడు అత్తగారు కూడా వెంట వచ్చారు. చేతిసంచిలో చిన్న స్టీలు డబ్బా. "దీనికి గంటకోసారి రెండు చెంచాలు పెట్టాలి డాక్టరుగారూ. బయట ఏం పెడతారో ఏమో, నేనే పెసరకట్టు తెచ్చాను" అన్నారు. ఆ డబ్బా చూసి, నేను రాసే మందుల చీటీ కన్నా అదే ఎక్కువ పని చేస్తుందనుకున్నాను.

సోలాపూరు సోదరి మళ్లీ ఉత్తరం రాయాలి. ఆమె తమ్ముడి క్షేమం తెలుసుకోవాలని నాతోపాటు పాఠకులందరూ ఎదురుచూస్తారు. వచ్చే సంచికలో వృద్ధుల నిద్రలేమి గురించి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.